తొమ్మిదేళ్ల మజ్జిగ

“మీరు కాసేపు బయట కూర్చోండమ్మా, ఆయనతో విడిగా మాట్లాడతాను” అని డాక్టరమ్మ అన్నప్పుడు సరోజన భర్త వంక చూసింది. పోశం ఆమెను చూడలేదు, గోడ మీది క్యాలెండరునే చూస్తున్నాడు. సరే అని లేచి వచ్చి, వరండాలో గోడవారగా ఉన్న ఇనుప బెంచీ మీద కూర్చుంది. వెనక తలుపు మూసుకుంది. పదకొండు కావస్తోంది. కాళ్లు లాగుతున్నాయి, నడుము లాగుతోంది, పొద్దున ఆరింటికి బెల్లంపల్లిలో ఎక్కితే ఇప్పటికి కరీంనగర్ చేరారు, బస్సులో అతను మూడు సీట్ల ముందు కూర్చున్నాడు, పక్కన జాగా ఉన్నా రమ్మనలేదు, గోదావరి బ్రిడ్జి దాటేదాకా, పెద్దపల్లి దాటేదాకా ఆమె అతని మెడనే చూస్తూ వచ్చింది. ఆ మెడ ఆమెకు బాగా తెలుసు. అది బిగుసుకుని, తల కొంచెం ఎడమకు వాలి, ఎవరో చెవిలో చెప్తుంటే వింటున్నట్టు ఆగిందంటే మళ్లీ మొదలైనట్టే. మందు ఆదివారం ఆగింది, ఇవాళ బుధవారం. మూడు రోజులకే ఏమీ కాదని డాక్టరమ్మ ఫోనులో చెప్పింది, అయినా చూడకుండా ఉండలేదు, చూడడం అలవాటైన కళ్లు, తొమ్మిదేళ్లుగా ఆ మనిషి కనుబొమ్మలు, వేళ్లు, నడక, నిద్ర అన్నీ చూసిచూసి అలసిపోయిన కళ్లు. లోపల ఏం మాట్లాడుతున్నాడో. ఇంజెక్షన్ వద్దంటాడేమో. మందే వద్దంటాడేమో. నా పెండ్లాం నాకు తొమ్మిదేళ్లు విషం పోసింది అంటాడేమో. అంటే మాత్రం కాదని చెప్పడానికి ఆమె దగ్గర ఏముంది, పోసిన మాట నిజమే కదా, విషమా మందా అన్నది చెప్పి పోసినప్పటి మాట.

మొదటిసారి అలా అయింది పదమూడేళ్ల కింద. అప్పటికి పోశం ల్యాంపు రూములో పని చేస్తున్నాడు, గనిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇచ్చి, పైకొచ్చాక తీసుకుని ఛార్జింగుకు పెట్టే పని. ఒకరోజు ఇంటికొచ్చి, దీపాల నంబర్లు మార్చి తన గురించి మాట్లాడుకుంటున్నారు అన్నాడు. ఎవలు అంటే అందరూ అన్నాడు. తర్వాత కిటికీలకు కాగితాలు అంటించాడు. తర్వాత ఒక మధ్యాహ్నం చెప్పులు లేకుండా వెళ్లిపోయాడు, ఆరు రోజులకు బల్లార్షా స్టేషనులో దొరికాడు, ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఉన్నాడు, సరోజనను చూసి, “నువ్వు గూడ వాళ్లతోని కల్సినవా?” అని అడిగాడు. గడ్డం, మట్టి, ఎండిన పెదవులు, ఆ ఒక్క ప్రశ్న. గోలీలు ఇస్తే నాలుగు నెలలకు మనిషయ్యాడు. మనిషి కాగానే గోలీలు మానేశాడు. నాకేం రోగం లేదు అన్నాడు. మళ్లీ అయింది. మళ్లీ గోలీలు, మింగావా అని అడిగితే కోపం, నోరు తెరువు అంటే ఇంకా కోపం, నాలుక కింద దాచి పెరట్లో ఉమ్మేవాడు, కూతురు రచన స్కూలు నుంచి వచ్చి జామచెట్టు మొదట్లో తెల్లగా నానిన గోలీలు చూసి, చెప్పనా వద్దా అన్నట్టు తల్లి మొహంలోకి చూసేది. మూడోసారి ల్యాంపు రూము అద్దాన్ని చేత్తో పగలగొట్టుకున్నాడు. మోచేతి దాకా కుట్లు. అప్పటి డాక్టరు, ఇప్పుడు ఎక్కడున్నాడో ఏమో, రంగూ వాసనా లేని ఒక నీళ్ల మందు రాసిచ్చి, “చాయ్‌లో కలపకండి, నీళ్లలోనో మజ్జిగలోనో కలపండి, కొన్నాళ్లు చెప్పకుండా ఇవ్వండి, మనసు కుదుటపడ్డాక చెబుదాం” అన్నాడు. కొన్నాళ్లు అంటే ఎన్నాళ్లో ఆమె అడగలేదు. ఆయనా చెప్పలేదు.

అలా మొదలైంది. డ్యూటీ దిగి సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని గడపలో కూర్చుంటే ఒక గ్లాసు మజ్జిగ, ఉప్పు, కాస్త కరివేపాకు, కొలత గొట్టంలో రెండు గీతల దాకా మందు. సీసా చింతపండు డబ్బా వెనక. పైన అంటించిన కాగితం గోటితో గీకేసేది. మొదటి నెల చెయ్యి వణికింది, తర్వాత వణకడం మానేసింది, ఆ వణకడం మానేసిన రోజు ఏదో గుర్తుంటే బాగుండు, ఆ రోజైనా ఆగి ఆలోచించి ఉండాల్సింది. కానీ మనిషి బాగయ్యాడు. డ్యూటీకి పోతున్నాడు, జీతం తెస్తున్నాడు, కూతురి చదువు అడుగుతున్నాడు, క్వార్టరు ముందు బీర పాదు పెట్టాడు. ఎవరు మాత్రం ఆపుతారు. ఆ గ్లాసు కోసం ఆమె తొమ్మిదేళ్లు ఎవరింట్లోనూ నిద్ర చేయలేదు. కాగజ్‌నగర్‌లో తల్లి చనిపోతే పొద్దున రైలుకు పోయి, ఇంకా ఏడుపులు ఆగకముందే సాయంత్రం రైలుకు వచ్చేసింది. “కన్నతల్లి పోతే ఒక్క దినం ఉండవా సరోజనా, అంత మొగడు ముద్దా?” అని పిన్ని అందరి ముందూ అంటే తలవంచుకుంది. రచనకు మంచిర్యాలలో కాన్పు అయితే పగలు పోయి చూసి వచ్చింది, పసిగుడ్డును పక్కలో వేసుకుని పడుకోవాలని ఉంటే పడుకోలేదు. జ్వరం వచ్చినా లేచింది. చెయ్యి బెణికినా ఎడమ చేత్తో మజ్జిగ చిలికింది. అతనేమో, ఇంట్లో సల్ల ఉంటే చాలు మా సరోజనకు, ఊరికి కూడా పోదు అని నవ్వేవాడు. ఆ నవ్వు చూసి ఆమెకు సంతోషమే అయ్యేది, సంతోషమైనందుకు సిగ్గయ్యేది, తర్వాత రెండూ పోయి అలసట మిగిలింది, పని అయిపోతే పోయే అలసట కాదు, పొద్దున లేచేసరికి ఆమె కన్నా ముందు లేచి కూర్చునేది.

పక్కన ఎవరో కూర్చున్నారు. ముసలామె, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, “అమ్మా” అని నిట్టూర్చి, బత్తాయి పండు తీసి ఒలవడం మొదలుపెట్టింది. రెండు తొనలు సరోజన చేతిలో పెట్టింది, అడగలేదు, తీసుకో అనలేదు.

“ఎవ్వలకు బిడ్డా?”

“మా ఆయనకు.”

“నాకు కొడుకుకు. మాది మెట్‌పల్లి దిక్కు. కిష్టవ్వ అంటరు నన్ను. నెలకోపాలి సూది కోసం వస్తం. నాలుగేండ్లాయె.”

“బాగుంటడా?”

కిష్టవ్వ పండు తొక్కను ఒడిలో పోగేసింది. “బాగనే ఉంటడు. లావైండు. మధ్యాన్నం పూట మబ్బుగుంటడు. సూది పొడిచిన కాడ రెండు దినాలు నొస్తదంటడు. పసుపు చేను మాత్రం వాడే చూస్తడు. నాకైతే బిడ్డా, గోలీ మింగినవా గోలీ మింగినవా అని అడుగుడు తప్పింది. ఆ మాట తప్ప మేమిద్దరం ఇంకో మాట మాట్లాడక ఎన్నేండ్లైందో.”

ఆమె కొడుకును ఎవరో పిలిచారు, కిష్టవ్వ లేచి పోయింది. తొనలు సరోజన చేతిలోనే ఉన్నాయి. తనైతే మింగావా అని కూడా అడగలేదు. అడిగి ఉంటే తిట్టేవాడు, విసిరేవాడు, అయినా అది ఇద్దరి మధ్య జరిగే గొడవయ్యేది. ఆమె ఆ గొడవను కూడా అతనికి దక్కనివ్వలేదు.

బాగైన మనిషి ఊరుకుంటాడా. నేను మందు లేకుండనే బాగైన అని పోశం అందరికీ చెప్పుకున్నాడు, ల్యాంపు రూములో చెప్పాడు, చుట్టాల పెళ్లిళ్లలో చెప్పాడు, యోగా చేసిన, మనసు గట్టిగ పెట్టుకున్న, అంతే అన్నాడు. అబద్ధం చెప్పాలని కాదు, అతనికి తెలిసిన నిజం అదే. ఆమె వంటింట్లో నిలబడి వినేది. అతనితో పని చేసే రాములుకు తమ్ముడున్నాడు, వెంకటేశ్, ముప్పై ఏళ్ల మనిషి, అతనికీ ఇదే జబ్బు, గోలీల మీద నెట్టుకొస్తున్నాడు. మొన్నటి దసరాకు వాళ్లింటికి పోయినప్పుడు పోశం వాని భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు, “గోలీలు మన్సిని మొద్దుగ జేస్తయి రా వెంకటేశ్. నన్ను చూడు. నేను ఇడిశిపెట్టిన. మనసు గట్టిగ పెట్టుకో, ఏం గాదు.” సరోజన అక్కడే ఉంది. చేతిలో చాయ్ గ్లాసు ఉంది. నోటిదాకా వచ్చింది మాట, వచ్చి ఆగిపోయింది, తర్వాత రాములు భార్యను పక్కకు పిలిచి, “మా ఆయన మాటలు పట్టిచ్చుకోవద్దు, గోలీలు మాన్పియ్యకు” అని మాత్రం చెప్పింది, ఎందుకు పట్టించుకోవద్దో చెప్పలేదు. చెప్పని మాట ఎవరు వింటారు. వెంకటేశ్ గోలీలు మానేశాడు. నెలన్నరకు వాటర్ ట్యాంకు ఎక్కి దూకాడు. ప్రాణం దక్కింది, ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది, తుంటి విరిగింది. మంచిర్యాల దవాఖానలో ఇంకా ఉన్నాడు.

పోశం పోయి చూసి వచ్చాడు. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, గడపలో కూర్చుని, మజ్జిగ గ్లాసు అందుకుని, “వాడు మనసు గట్టిగ పెట్టుకోలే, సరోజనా” అన్నాడు. జాలిగానే అన్నాడు. గటగటా తాగి గ్లాసు కింద పెట్టాడు. ఆ గ్లాసు అడుగున మిగిలిన తెల్లని చుక్కను చూస్తూ ఆమె అలాగే నిలబడిపోయింది. ఇంక నా వల్ల కాదు అనుకుంది. ఆ మాట అంతకుముందు వెయ్యిసార్లు అనుకుని ఉంటుంది, కానీ అప్పుడల్లా తన కోసం అనుకుంది, ఈసారి వెంకటేశ్ కోసం. మరునాడే రచనను తీసుకుని ఇక్కడికి వచ్చి ఈ డాక్టరమ్మకు అంతా చెప్పింది. ఇదే జాతి మందు నెలకొకసారి ఇంజెక్షనుగా దొరుకుతుందని, మొదటిదాని తర్వాత ఎనిమిది రోజులకు రెండోది, ఆ తర్వాత నెలకొకటి అని, రోజూ ఎవరూ ఎవరి వెంటా పడక్కర్లేదని డాక్టరమ్మ చెప్తుంటే రచన తల్లి చెయ్యి పట్టుకుంది. అయితే ఇచ్చేయండి మేడం, విటమిను సూది అని చెప్పి పట్టుకొస్తాం అంది రచన. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. “నేనలా ఇవ్వను. ఆయన ఒప్పుకుంటేనే ఇస్తాను. ముందు ఆయనకు తెలియాలి. మీరే చెప్పాలమ్మా, నేను చెప్తే ఇంకోలా ఉంటుంది.”

ఆదివారం చెప్పింది. మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చాక సీసా తెచ్చి అతని ముందు పెట్టింది. కూర్చోలేదు, నిలబడే చెప్పింది.

“ఇదేంది?”

“నీ మందు.”

“నాకు మందెక్కడిది?”

“తొమ్మిదేండ్లాయె. సల్లల కల్పి ఇస్తున్న.”

అరుస్తాడనుకుంది. సీసా విసిరేస్తాడనుకుంది. పొయ్యి దగ్గరున్న కత్తిపీట ముందే పక్కింట్లో పెట్టి వచ్చింది, అలా పెట్టి వచ్చినందుకు ఇప్పుడు బెంచీ మీద కూర్చుంటే సిగ్గేస్తోంది. అతను సీసాను వెలుతురుకు పట్టి చూశాడు. గీకేసిన కాగితం మీద వేలు పెట్టి రుద్దాడు. లేచి పోయి బయట మెట్టు మీద కూర్చున్నాడు, బీర పాదు వైపు చూస్తూ, ఎండ పోయేదాకా. ఆమె లోపలా బయటా తిరిగింది. చివరికి అతను ఒకే ఒక్కటి అడిగాడు.

“రచన పెండ్లినాడు గూడ పోసినవా?”

“పోసిన.”

అంతే. ఆ పెళ్లి రోజు అతను ఎలా ఉన్నాడు. తెల్ల లాల్చీ వేసుకుని, బంధువులందరినీ పేరు పెట్టి పిలుస్తూ, బరాత్‌లో మనుమల ఈడు పిల్లలతో సమానంగా ఆడి, అప్పగింతలప్పుడు కూతురి తల మీద చెయ్యి వేసి నిలబడి, “నా మన్సు నా చేతుల ఉన్నదిప్పుడు” అని వియ్యంకునితో అన్నాడు. ఆ రోజు తనది అనుకుంటూ వచ్చాడు. దాన్ని కూడా ఆమె తీసేసుకుంది. లేదు, ఆమె తీసుకోలేదు, ఆ రోజు రావడానికే కదా పోసింది, ఈ రెండు మాటలూ నిజమే, ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, పక్కపక్కనే ఉంటాయి, ఆమె వాటి మధ్య కూర్చుని ఉంది. ఆదివారం నుంచి అతను ఆమె చేతి వంట తినలేదు. హోటల్లో తిన్నాడు. నల్లా దగ్గరికి పోయి తనే సీసాలో నీళ్లు పట్టుకున్నాడు. మంగళవారం తనే అన్నం వండుకున్నాడు, అడుగంటింది, అదే తిన్నాడు. ఇవాళ చీకటి విడవకముందే చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి, “ఆ డాక్టరుతోని నేను మాట్లాడుత. పా, పోదాం” అన్నాడు.

తలుపు తెరుచుకుంది. పోశం బయటికి వచ్చాడు. ఆమె లేవబోతే, ఉండు అన్నట్టు చెయ్యి ఊపి, తనే వచ్చి బెంచీ ఆ చివర కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తల ఎడమకు వాలి లేదు. ఆమె అది ముందు చూసింది, తర్వాతే ఎర్రదనం చూసింది.

“సూది పొడిపిచ్చుకుంట” అన్నాడు.

ఆమె చేతిలోని తొనలను ఇంకో చేతిలోకి మార్చుకుంది.

“నువ్వు చెప్తే గాదు. ఆమె అంతా విడమరిచి చెప్పింది. మందు పడ్డప్పుడెల్ల ఎట్లుంటినో, ఆపినప్పుడెల్ల ఎట్లైతినో, కాయితం మీద గీసింది. ఇన్ని దినాలు నా మనసే గట్టిదనుకున్న.” అరచేతులు చూసుకున్నాడు. “నన్ను అడిగితే మింగకపోదును. అది నాకెర్కే. గని నువ్వు అడగకపోతివి.”

“అడగలే” అంది సరోజన.

“యాడాదికోపాలన్న అడగాల్సుండె.”

భయమైంది అని చెప్పొచ్చు. బల్లార్షాలో నువ్వు నన్ను అడిగిన మాట గుర్తుందా అని అడగొచ్చు. చెప్పడానికి ఓపిక లేదు, చెప్పినా అతని లెక్కలో అది సరిపోదు, సరిపోకపోవడం న్యాయమే.

నర్సు వచ్చి పేరు పిలిచింది. నర్మద అని కోటు మీద రాసి ఉంది. పోశం లేచి, రెండు అడుగులు వేసి వెనక్కి తిరిగి, “నువ్వు గూడ రా” అన్నాడు. గదిలో స్టూలు మీద కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు, మోచేతి దాకా పాత కుట్ల గీతలు. నర్సు పెట్టె తెరుస్తుంటే, “ఆగమ్మా. నాకు చూపెట్టి ఇయ్యి” అన్నాడు. ఆ అమ్మాయి విసుక్కోలేదు. పెట్టె అతని చేతికిచ్చింది. అతను కళ్లద్దాలు పెట్టుకుని పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు, తయారైన తేదీ చూశాడు, సూది చూశాడు, లోపలి తెల్లని మందును చూశాడు. “ఇగ ఇయ్యి.” మందు లోపలికి పోతున్నంతసేపూ చెయ్యి వంక చూస్తూనే ఉన్నాడు, రెప్ప వేయలేదు. సరోజన గోడకు ఆనుకుని నిలబడింది. తొమ్మిదేళ్లలో అతని ఒంట్లోకి మందు పోవడం వాళ్లిద్దరూ కలిసి చూసింది ఇదే.

“అయిపోయింది బాపూ. అర్ధగంట బయట కూర్చోండి, తల తిరిగినట్టుంటే చెప్పండి.”

“గీ ఖాళీ డబ్బ నాకు గావాలె.”

“దేనికి బాపూ?”

“ఒకనికి చూపెట్టాలె.” చొక్కా జేబులో పెట్టుకుంటే పెట్టె సగం బయటికే ఉంది. బెంచీ దగ్గరికి వచ్చాక సరోజనతో అన్నాడు, “మంచిర్యాలల దిగుత. వెంకటేశ్ కాడికి పోవాలె. నేను చెప్పింది నిజం గాదని చెప్పాలె వానికి. వాడు నమ్ముతడో లేదో. రాములు నన్ను లోపలికి రానిస్తడో లేదో.”

“నేను గూడ వస్త. తప్పు నాదే గదా.”

“నోటితోని చెప్పింది నేను. నువ్వు ఇంటికి పో.”

అతను కూర్చున్నాడు. ఆమె కూర్చుంది. మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా. పైన ఫ్యాను తిరుగుతోంది, కింద ఎవరో చాయ్ చాయ్ అంటున్నారు, ఎండ మెట్ల దాకా వచ్చింది. చేతిలో బత్తాయి తొనలు వెచ్చగా, మెత్తగా అయిపోయాయి, నోట్లో వేసుకుంది. అర్ధగంట అతన్ని చూడాలి, తల తిరుగుతోందా, చేతులు వణుకుతున్నాయా, చూడాలి అనుకుంటూనే కళ్లు మూతపడ్డాయి, తెరిచింది, మళ్లీ పడ్డాయి, చిన్నప్పుడు కాగజ్‌నగర్‌లో తల్లి పక్కన పడుకుంటే మిల్లు వైపు నుంచి వచ్చే వాసన, పసిగుడ్డు నెత్తి వాసన, కుడి చెయ్యి దానంతట అది ఒడిలో చిలుకుతున్నట్టు కదిలి ఆగిపోయింది.

మెలకువ వచ్చేసరికి పక్కన అతను లేడు.

బెంచీ మీద చెయ్యి వేసింది, చల్లగా ఉంది, ఎంతసేపైందో తెలియదు, మెట్ల వైపు చూసింది, గేటు వైపు చూసింది, చెప్పులు, అతని చెప్పులు, బెంచీ కింద లేవు, ఆరు రోజులు, పట్టాలు, బల్లార్షా, పిలవడానికి నోరు తెరిచింది. అప్పుడు వినిపించింది. వరండా చివర పేర్లు రాసుకునే బల్ల దగ్గర పోశం నిలబడి ఉన్నాడు, వీపు ఇటు ఉంది, ఇంజెక్షన్ వేసిన చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని ఉన్నాడు.

“రెండో సూదికి వచ్చే వారం గురువారం రావాలి. ఫోన్ నంబరు సరోజన గారిది ఉంది, అదే ఉంచమంటారా?” అంటున్నాడు బల్ల వెనక మనిషి.

“అది కొట్టేయి. నాది రాస్కో. ఏమున్నా నాకు ఫోన్ చెయ్యిండ్రి, ఆమెకు చెయ్యద్దు.” ఒక్కో అంకె నిదానంగా చెప్పాడు. రాసింది మళ్లీ చదివించుకున్నాడు.

సరోజన సగం లేచి ఉంది. ఆ మాట గుచ్చుకుంది, గుచ్చుకున్న చోటే ఏదో బరువు దిగింది, రెండింటిలో ఏది ముందో ఆమెకు తెలియలేదు. ఆమెను ఎవరూ పిలవడం లేదు. మళ్లీ బెంచీ మీద కూర్చుని, గోడకు తల ఆనించింది.